పశువుల అంటు ప్లూరోన్యుమోనియా

పశువుల అంటు ప్లూరోన్యుమోనియా ప్రధానంగా ఆవులు, ఎద్దుల ఊపిరితిత్తులకు సోకే తీవ్రమైన అంటువ్యాధి. మైకోప్లాస్మా మైకాయిడిస్ అనే, కణకవచం లేని సూక్ష్మజీవి దీనికి కారణం. 1898లో నోకార్, రూ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు దీనిని తొలిసారిగా ప్రయోగశాలలో పెంచారు. ఇది మనుషులకు సోకదు. భారతదేశం 2007లో ఈ వ్యాధి నుండి విముక్తమైన దేశంగా గుర్తింపు పొందింది. సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాలలో మాత్రం నేటికీ పశుపోషకులను పీడిస్తున్నది.

లక్షణాలు
దగ్గినపుడు వెలువడే తుంపరల ద్వారా ఒక పశువు నుండి దగ్గరలోని మరొక పశువుకు వ్యాపిస్తుంది. జ్వరం, దగ్గు, ఆయాసం కనిపిస్తాయి. పశువు మెడ చాచి, ముందుకాళ్ళు ఎడంగా పెట్టి నిలబడుతుంది. చనిపోయిన పశువు ఊపిరితిత్తిని కోసి చూస్తే చారల పాలరాతివలె ఉంటుంది. బతికిన కొన్ని పశువులలో చెడిన ఊపిరితిత్తి భాగం ఒక పొరలో మూసుకుపోయి మిగులుతుంది. పైకి అవి ఆరోగ్యంగానే కనబడతాయి. అసలు చిక్కు ఇక్కడే ఉన్నది.

అధ్యయనం
ఇటువంటి దీర్ఘకాలిక రోగి పశువులను రక్తపరీక్ష తరచు పట్టుకోలేదు. అందువలన ఆ పరీక్ష ఒక్కొక్క పశువు కంటే మొత్తం మందను అంచనా వేయడానికే ఎక్కువ పనికివస్తుంది. సంచార పశుపోషకుల మందలు మేత కోసం తరలిపోతుంటాయి, నీటి రేవుల వద్ద కలుస్తాయి, కన్యాశుల్కంగా చేతులు మారుతాయి. వాటికి లిఖితపూర్వక లెక్కలు అరుదు. కనుక పరిశోధకులు కాపరులనే అడగడం మొదలుపెట్టారు. మాసాయిలు ఈ వ్యాధిని తమ భాషలో ఊపిరితిత్తి పేరుతోనే, ఒల్కిపియెయ్ అని పిలుస్తారు. నేలపై వ్యాధుల గుర్తులు పెట్టి, గులకరాళ్ళను వాటి మధ్య పంచమంటారు. ఏ వ్యాధి ఎంత నష్టం కలిగించిందో ఆ కుప్పలు చెబుతాయి. ఆ సమాధానాలను రక్తపరీక్షలతో, కబేళాలలో కనిపించే గుర్తులతో సరిపోల్చుతారు. చదువురాని కాపరి పరిశీలనను సమాచారంగా స్వీకరించడమే ఈ పద్ధతిలోని విశేషం. తూర్పు ఆఫ్రికా సమాచారంతో 2006లో జెఫ్రీ మారినర్ తదితరులు ప్రచురించిన గణిత నమూనా, అప్పటి టీకాలతో సామూహికంగా టీకాలు వేయడం ఒక్కటే వ్యాధిని నిర్మూలించజాలదని సూచించింది.

నివారణ
బోట్స్వానాలో 1995లో వ్యాధి కనిపించగా, ఎన్‌గామీలాండ్ ప్రాంతంలో సుమారు 3,20,000 పశువులను వధించి దానిని తుడిచిపెట్టారు. పశువే ఆస్తి, ఆహారం అయిన పేద దేశాలలో ఇంతటి వధ సాధ్యం కాదు. ఆఫ్రికాలో విస్తృతంగా వాడే టి1/44 టీకా సుమారు ఒక సంవత్సరమే రక్షిస్తుంది, ఏటా మళ్ళీ వేయాలి. కొన్ని పశువులకు సూది వేసిన చోట తీవ్రమైన వాపు వస్తుంది కనుక కాపరులు వెనుకాడతారు. యాంటిబయాటిక్ మందులు రోగాన్ని దాచివేస్తాయన్న భయంతో పలు ప్రభుత్వాలు వాటిని వద్దన్నాయి. అయినా కాపరులు వాటిని కొని వాడుతూనే ఉన్నారు.