ఎండకి తట్టుకునే ప్రోటీన్లు: ఆకులోనూ, మన పేగులోనూ



మే నెల మధ్యాహ్నం ఉదయగిరి, ఆత్మకూరు వైపు నిమ్మ తోటలోకి వెళ్తే ఆకులు వాడిపోయి కనిపిస్తాయి. పొద్దు వాలేసరికి మళ్లీ లేస్తాయి. దీనికి నీళ్లు ఒక్కటే కారణం కాదు. వేడి ఎక్కువైతే కణంలోని ప్రోటీన్లు ఆకారం చెడి గడ్డకడతాయి, గుడ్డు ఉడికితే తెల్లసొన గట్టిపడినట్టు. వాటిని పట్టుకుని సరిచేసే కాపలాదారులే స్ట్రెస్ ప్రోటీన్లు. 1962లో ఇటలీ శాస్త్రవేత్త ఫెరుక్కియో రిటోస్సా, వేడి తగిలిన పండ్ల ఈగల్లో కొన్ని జన్యువులు మేలుకోవడం గమనించాడు. వీటి కథ అక్కడే మొదలైంది.

తోట సంగతి వీడియోలో చూడండి. ఇక్కడ మన కడుపు సంగతి చెప్పుకుందాం.

పేగు లోపలి పొరలోనూ ఇవే కాపలా కాస్తాయి. మనం తినే పీచుని పేగులోని సూక్ష్మజీవులు పులియబెట్టి బ్యూటిరేట్ అనే ఆమ్లం తయారుచేస్తాయి. అది పేగు కణాల్లో ఒక రకం స్ట్రెస్ ప్రోటీన్‌ని పెంచుతుందని ల్యాబ్‌లో తేలింది. మనం నేలకి ఆచ్ఛాదన వేసి సూక్ష్మజీవులకి మేత పెడతాం కదా, ఇదీ అట్టాంటిదే.

ఈ కాపలా దెబ్బతింటే? కణంలో చెడిన ప్రోటీన్లు పోగుపడినప్పుడు సర్దే ఎక్స్‌బీపీ1 అనే జన్యువుని ఎలుకల పేగులో తీసేస్తే, వాటికి పేగువాపు దానంతటదే వచ్చింది. 2008లో వచ్చిన ఈ పరిశోధన మనుషుల్లోనూ ఆ జన్యువులోని తేడాలకి, ఐబీడీ అనే దీర్ఘకాల పేగువాపు జబ్బుకి సంబంధం చూపించింది. క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ ఈ జబ్బులో రెండు రకాలు.

"ఇది పట్నం వాళ్ల జబ్బు, సంగటి తినే మనకెందుకు వస్తుంది?" అనుకోవద్దు. హైదరాబాద్ ఏఐజీ డాక్టర్లు తెలంగాణలో కడుపు ఇబ్బందులున్న 30 వేల మందికి పైగా పరీక్షించి 2023లో ఫలితాలు ప్రచురించారు. పల్లెలోనూ పట్నంలోనూ ఐబీడీ దాదాపు ఒకే తీరుగా కనిపించింది.

అందుకే ఒక మాట సూటిగా చెప్తున్నాం. సజ్జలు, కొర్రలు, ఆకుకూరలు మంచివే, కానీ అవి ఈ జబ్బుకి మందు కాదు. జబ్బు ముదిరి ఉన్నప్పుడు ఎక్కువ పీచు కొందరికి ఇబ్బంది కూడా చేస్తుంది. స్ట్రెస్ ప్రోటీన్లు పెంచే పొడి, కషాయం అని ఎవరన్నా అమ్మితే నమ్మి డాక్టర్ ఇచ్చిన బిళ్లలు మానేయకండి.

విరేచనంలో రక్తం, జిగురు పడుతున్నా, వారాల తరబడి విరేచనాలు అవుతున్నా, బరువు తగ్గుతున్నా "మొలలేలే" అని కూర్చోవద్దు. పేగు టీబీ కూడా ఇట్టాగే కనిపిస్తుంది, రెండిటికీ మందులు వేరు. కొలనోస్కోపీ, ముక్క పరీక్ష చేస్తేనే తేడా తెలిసే వీలుంటుంది. ఈలోపు మీ అంతట మీరు నొప్పి బిళ్లలు వేసుకోకండి, కొన్ని పేగుని ఇంకా రేపుతాయి.

ఆకు మాడకముందే తోటకి నీళ్లు పెడతాం. మన ఒంటి విషయంలోనూ అంత తొందర ఉండాలి.