కంప్యూటరుకూ కావాలి ఓవర్‌డ్రాఫ్టు

బరంపురంలో మా ఇంట్లో 2012లో కొన్న కంప్యూటరు ఉంది. అప్పట్లో దాని ర్యామ్ 4 జీబీ. 2021లో అమ్మాయి ఆన్‌లైన్ క్లాసులు, నా రాతకోతలు అన్నీ దాని మీదే నడిచేవి. గంట గడిచేసరికి నత్తనడక. "పేజింగ్ ఫైలు తీసేయండి, వేగం పెరుగుతుంది" అని తెలిసినవారొకరు చెబితే నమ్మి, సెట్టింగుల్లోకి వెళ్లి తీసేశాను. రెండు రోజులు హాయిగానే గడిచాయి.

మూడోనాడు అమ్మ తన చిన్నతనంలో నేర్చిన లాలిపాటలు, మంగళహారతులు చెబుతుంటే నోట్‌ప్యాడులో టైపు చేస్తున్నాను. మా పిల్లలు బడిలో ఒడియా చదివినవాళ్లు. ఎక్కడైనా రాసి ఉంచకపోతే ఈ పాటలు మా ఇంట్లో అమ్మతోనే ఆగిపోతాయి. అమ్మాయి క్లాసు ముగించి లేచిపోయినా, తెరిచిన బ్రౌజరు పేజీలన్నీ అలాగే ఉన్నాయి. పదకొండో పాట పూర్తవుతుండగా మెమరీ చాలడం లేదని హెచ్చరిక వచ్చింది. ఆ వెంటనే తెర బిగుసుకుపోయింది. స్విచ్చి ఆపక తప్పలేదు. సేవ్ చేయని పాటలన్నీ పోయాయి.

"పోనీలే నాయనా, మళ్లీ చెబుతాను" అంది అమ్మ. చెప్పింది. తొమ్మిదే గుర్తొచ్చాయి.

ఆ తర్వాత కూర్చుని సంగతి తెలుసుకున్నాను. కామర్సు చదివినవాణ్ణి కనుక బ్యాంకు భాషలోనే అర్థమైంది. ర్యామ్ అంటే క్యాషియరు సొరుగు. డిస్కు అంటే స్ట్రాంగ్ రూము. సొరుగు నిండితే, అప్పటికి అక్కరలేని కట్టలను లోపలికి పంపుతాం. విండోస్ కూడా వెంటనే అవసరం లేని సమాచారాన్ని 4 కేబీల పేజీలుగా డిస్కు మీది పేజింగ్ ఫైలులో దాస్తుంది. ఈ ఏర్పాటే వర్చువల్ మెమరీ. ఇది కొత్తదేం కాదు. 1962లో మాంచెస్టరు విశ్వవిద్యాలయంలో ప్రారంభమైన అట్లాస్ కంప్యూటరులోనే డ్రమ్మును అసలు మెమరీతో కలిపి, ప్రోగ్రాములకు ఒకే పెద్ద మెమరీగా చూపించారు.

ప్రోగ్రాములు అడిగిన మెమరీకి విండోస్ హామీ ఇస్తుంది. ఆ హామీల మొత్తం ర్యామ్, పేజింగ్ ఫైలు రెండూ కలిపినదాన్ని మించకూడదు. ఖాతాలో నిల్వ, దానిపైన ఓవర్‌డ్రాఫ్టు అన్నమాట! నేను ఓవర్‌డ్రాఫ్టు రద్దు చేసుకుని చెక్కులు రాస్తూ పోయాను.

మరి ఆ నత్తనడక ఎందుకు? తిరిగే హార్డ్ డిస్కు నుంచి సమాచారం అందడానికి ర్యామ్ కంటే సుమారు లక్ష రెట్లు ఎక్కువ సమయం పడుతుంది. మాటిమాటికీ స్ట్రాంగ్ రూముకు పరుగెత్తే క్యాషియరు ముందు వరుస కదులుతుందా? లోపం పేజింగ్ ఫైలుది కాదు, చాలీచాలని ర్యామ్‌ది.

అందుకే పేజింగ్ ఫైలు పరిమాణాన్ని మళ్లీ విండోస్‌కే వదిలేశాను. డిస్కులో కొంత చోటు ఖాళీగా ఉంచాను. కంప్యూటరు పెట్టగానే వాటంతటవే తెరుచుకునే ప్రోగ్రాములు ఆపాను. టాస్క్ మేనేజర్‌లో మెమరీ దగ్గర 'కమిటెడ్' అని రెండు అంకెలుంటాయి: మొదటిది ఇచ్చిన హామీ, రెండోది పరిమితి. మొదటిది రెండోదాన్ని సమీపిస్తే కొన్ని ప్రోగ్రాములు మూసేస్తాను. తర్వాత మరో 4 జీబీ ర్యామ్, హార్డ్ డిస్కు స్థానంలో ఎస్‌ఎస్‌డీ వేయించాను. ఆ పాత కంప్యూటరే తేలికపడింది.

లెక్క సరిపోనిదే సాయంత్రం బ్యాంకు నుంచి కదలం. అలాంటి నేను ఇంట్లో సేవ్ నొక్కడం మరిచాను. అది మాత్రం నా తప్పే. ఇప్పుడు ఒక్కో పాటకూ సేవ్ నొక్కి, అచ్చు తీసి అమ్మ నోటుపుస్తకంలో అంటిస్తున్నాను. అందులో రెండు పేజీలు ఖాళీగా వదిలాను, ఆ రెండు పాటలూ ఎప్పుడైనా గుర్తొస్తాయేమోనని.