ఆటలో అరటిపండు ఇంకెన్నాళ్లు?

'ఆటలో అరటిపండు' అన్న మాట మనందరికీ తెలిసిందే. దొంగా పోలీస్ ఆడుతుంటే పక్కింటి బుడ్డోడు "నేనూ ఆడతా" అని ఏడుస్తాడు. వాడిని పంపించేయలేం, ఆటలో పెట్టుకోలేం. అందుకని అరటిపండు చేస్తాం. వాడూ మనతో పాటే పరిగెడతాడు, దాక్కుంటాడు, అరుస్తాడు. కానీ దొరికినా అవుట్ కాడు, గెలిచినా లెక్కలోకి రాడు. రెండేళ్లు పోతే వాడే పెద్దోడై అసలు ఆటలోకి వచ్చేస్తాడు.

కానీ స్కూల్లో కొందరు పిల్లలు పదో తరగతి అయిపోయినా అరటిపండుగానే మిగిలిపోతారు. ఒక్కసారి మీ గేమ్స్ పీరియడ్ గుర్తు చేసుకోండి. కాలు సరిగా పడని అబ్బాయి, వినిపించని అమ్మాయి, చెప్పింది కాస్త ఆలస్యంగా అర్థం చేసుకునే పిల్ల... వాళ్లంతా ఎక్కడుండేవాళ్లు? చెట్టు కింద. అందరి బ్యాగులకీ, వాటర్ బాటిళ్లకీ కాపలాగా.

మా క్లాసులో ఆ కాపలా నాదే. నాకు పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. తేలికపాటిదే. ఎడమ చెయ్యి కాస్త బిగుసుకుని ఉంటుంది, ఎడమ మడమ నేలకి ఆనదు. అయినా నడుస్తాను, మెట్లెక్కుతాను, సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌గా రోజంతా కోడ్ రాస్తాను. ఆరు నుంచి పది దాకా స్కూల్లో నాకున్న పోస్టు మాత్రం ఒకటే: స్కోరర్. మా పీఈటీ సార్ చెడ్డవారేం కాదు. "నువ్వు కూర్చో నాన్నా, పడితే దెబ్బ తగుల్తది" అనేవారు. ఎంతో ప్రేమగానే అనేవారు. ఆ ప్రేమ పుణ్యమా అని ఐదేళ్లలో ఒక్క ఆటా ఆడలేదు.

ఇప్పుడు ఆఫీసులో నా పని, చూపు లేనివాళ్లు కూడా మా యాప్‌ని వాడగలిగేలా చేయడం. దాని కోసం చదువుతూ చదువుతూ పిల్లల ఆటల మీద జరిగిన పరిశోధనల్లోకి వెళ్లిపోయాను. నాకు జరిగింది నా ఒక్కడి కథ కాదని అక్కడే తెలిసింది.

మంచిరోజు, చెడ్డరోజు

కెనడాలో డోనా గుడ్‌విన్, జేన్ వాట్కిన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 2000లో ఒక అధ్యయనం ప్రచురించారు. మామూలు స్కూళ్లలో చదువుతున్న, శారీరక వైకల్యం ఉన్న తొమ్మిది మంది పిల్లలతో మాట్లాడారు. గేమ్స్ పీరియడ్ ఎలా ఉంటుందని అడిగితే వాళ్ల మాటల్లో మంచిరోజులు, చెడ్డరోజులు అని రెండు రకాలు కనిపించాయి.

మంచిరోజంటే ఏంటి? జట్టులో తానూ ఒకడినని అనిపించడం. చేతనైనది చేసి చూపించడం. ఆట వల్ల వచ్చే లాభం అందరితో పాటు తనకీ దక్కడం. మరి చెడ్డరోజు? ఒంటరిగా మిగిలిపోవడం. 'నీకేం వచ్చులే' అన్నట్టు ఇతరులు చూడటం. ఆటలో పూర్తిగా పాల్గొననివ్వకపోవడం.

గమనించారా? చెడ్డరోజు జాబితాలో 'నా కాలు పనిచేయదు' అన్నది లేదు. మూడూ పక్కవాళ్ల వల్ల వచ్చినవే.

కూర్చుంటే పోయేదేంటి?

"ఆటలే కదా, చదువుకుంటే చాలు" అనే మాట మన ఇళ్లలో మామూలే. వైకల్యం ఉన్న పిల్లల విషయంలో అయితే ఇంకా గట్టిగా అంటారు. కానీ ఆటని, చదువుని అంత తేలిగ్గా విడదీయలేం. పిల్లల్లో కదలికల ఎదుగుదల, ఆలోచన ఎదుగుదల ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయని ఎడెల్ డైమండ్ అనే శాస్త్రవేత్త 2000లోనే వివరించారు. శరీరాన్ని అదుపు చేసే చిన్నమెదడు, ప్లానింగ్ చేసే మెదడు ముందుభాగం చాలా పనుల్లో కలిసి పనిచేస్తాయని ఆమె చెప్పారు.

2014లో అమెరికాలో చార్లెస్ హిల్‌మన్ బృందం ఇంకో ప్రయోగం ఫలితాలు వెల్లడించింది. ఏడు నుంచి తొమ్మిదేళ్ల వయసున్న 221 మంది పిల్లల్ని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుని తొమ్మిది నెలల పాటు స్కూలయ్యాక ఆడించారు. ఆడిన పిల్లల్లో ధ్యాస నిలపడం, ఒక పని మీద నుంచి ఇంకో పనికి మనసు మళ్లించడం రెండో గుంపు కంటే మెరుగయ్యాయి. ఇది వైకల్యం ఉన్న పిల్లల కోసమని చేసిన ప్రయోగం కాదు. కానీ ఆటకి దూరమైతే ఏ పిల్లలైనా ఏం పోగొట్టుకుంటారో దీన్ని బట్టి అర్థమవుతుంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది డేవిడ్ స్టోడెన్, ఆయన సహచరులు 2008లో ప్రతిపాదించిన నమూనా. విసరడం, పట్టుకోవడం, గెంతడం లాంటివి బాగా వచ్చిన పిల్లలు ఇంకా ఎక్కువ ఆడతారు. ఎక్కువ ఆడేకొద్దీ ఇంకా బాగా వస్తాయి. రానివాళ్లు తక్కువ ఆడతారు, తక్కువ ఆడేకొద్దీ ఇంకా వెనకబడతారు. కోడ్ రాసేవాళ్ల భాషలో చెప్పాలంటే ఇదొక లూప్. బయటి నుంచి ఎవరో ఆపితే తప్ప ఆగదు. 'నువ్వు కూర్చో నాన్నా' అన్న మాట ఆ లూప్‌ని ఆపదు, స్టార్ట్ చేస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకి సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలిసేలా కదలాలి. వైకల్యం ఉన్న పిల్లలకీ అదే 60 నిమిషాలు చెప్పింది.

"ఫిజియోథెరపీ చేయిస్తున్నాం కదా" అంటారు కొందరు. నాకూ ఏళ్ల తరబడి చేయించారు. అది కావాల్సిందే. కానీ ఫిజియోథెరపీలో కాలు సాగుతుంది, ఫ్రెండ్స్ దొరకరు.

గల్లీ క్రికెట్ ఇచ్చే ఐడియా

సరే, ఆడించడం ఎలా? బ్రిటన్‌లో వ్యాయామ ఉపాధ్యాయులు విరివిగా వాడే 'స్టెప్' అనే పద్ధతి ఒకటుంది. స్పేస్, టాస్క్, ఎక్విప్‌మెంట్, పీపుల్. అంటే చోటు, ఆడాల్సిన తీరు, సామాను, మనుషులు. ఈ నాలుగింటిలో ఏదో ఒకటి మారిస్తే బయట కూర్చున్న పిల్లాడు లోపలికి రాగలడు.

చోటు: చక్రాల కుర్చీ మట్టిలో కదలదు. ఆటని సిమెంటు గచ్చు మీదకి మార్చొచ్చు. ఖోఖోలో పిల్లల మధ్య దూరం తగ్గించొచ్చు.

ఆడే తీరు: అందరూ కింద కూర్చుని, నెట్ దించి ఆడే వాలీబాల్ పారాలింపిక్స్‌లోనే ఉంది. క్లాసంతా అలా ఆడితే ఎవరి కాలు ఎలా ఉందో ఎవరికీ గుర్తుండదు.

సామాను: అంధుల క్రికెట్‌లో బంతి లోపల గలగలమనే గుళ్లుంటాయి, బౌలర్ చేతిని కింది నుంచి ఊపి బంతి వేస్తాడు. ఆ ఆటలో దేశానికి కెప్టెన్‌గా ఎదిగి అర్జున అవార్డు అందుకున్న అజయ్ కుమార్ రెడ్డి మన ఆంధ్రా కుర్రాడే. స్కూల్లో అలాంటి బంతి లేకపోతే మామూలు బంతినే ప్లాస్టిక్ కవర్లో చుట్టి దొర్లించండి, సరసరమని వినిపిస్తుంది. వినిపించని పిల్లలకి విజిల్ బదులు రంగు జెండా ఊపితే సరిపోతుంది.

మనుషులు: చూపు లేని పిల్ల పక్కన చిన్న తాడు పట్టుకుని ఇంకో పిల్ల పరిగెడితే ఇద్దరికీ పరుగే.

ఇదంతా మనకి కొత్తేం కాదు. గల్లీ క్రికెట్‌లో ఒన్ పిచ్ క్యాచ్ పడితే అవుట్ అని పెట్టింది ఎవరు? గోడ దాటితే అవుట్, చెట్టుకి తగిలితే రెండు రన్స్... చోటుని బట్టి, ఉన్న మనుషుల్ని బట్టి రూల్ మార్చడం మనకి వెన్నతో పెట్టిన విద్య. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆడే పిల్లలు నన్ను ఒంటిచేత్తో బ్యాటింగ్ చేయనిచ్చి, నా బదులు పరిగెత్తడానికి రన్నర్‌ని ఇచ్చారు. అవుటైతే మాత్రం మొహమాటం లేకుండా బ్యాట్ లాక్కుంటారు. వాళ్లకి స్టెప్ అంటే ఏంటో తెలీదు. కానీ నేను అక్కడ అరటిపండుని కాదు.

పైగా రూల్ మారిస్తే లాభం ఒక్కరికే కాదు. స్కూలు పిల్లల్లో సుమారు 5 నుంచి 6 శాతం మందికి కదలికల్లో పొందిక కుదరని సమస్య ఉంటుందని అంచనా. చూడ్డానికి ఏ వైకల్యమూ కనిపించదు. బంతి పట్టలేరు, తరచూ తట్టుకుంటారు. 'మొద్దు' అని పేరు పెట్టేస్తాం. వాళ్లకీ ఈ మార్పులే ఊతం. వినపడనివాళ్లకి ఆసరాగా ఉండే సబ్‌టైటిల్స్‌ని మెట్రోలో మనమంతా వాడట్లేదూ? ఇదీ అంతే.

కల్లెడ నుంచి కోబె దాకా

ఒక పీఈటీ చూపు ఎంత పని చేస్తుందో చెప్పడానికి జీవాంజి దీప్తి చాలు. వరంగల్ జిల్లా కల్లెడలో కూలి పని చేసుకునే ఇంట్లో పుట్టింది. మేధోపరమైన వైకల్యం వల్ల ఊళ్లో ఆమెని ఎన్నెన్ని మాటలన్నారో తల్లిదండ్రులే తర్వాత మీడియాకి చెప్పుకున్నారు. అలాంటి పిల్ల పరుగుని స్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడు గమనించారు. ఆ తర్వాత కోచ్ నాగపురి రమేశ్ చేయి పట్టుకున్నారు. 2024 మేలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లని 55.07 సెకన్లలో పరిగెత్తింది. బంగారు పతకం, అప్పటికి ప్రపంచ రికార్డు. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం.

ప్రతి పిల్లా దీప్తి కావాలని కాదు. పతకం రాకపోయినా పరిగెత్తే హక్కు ఉంటుంది. కానీ ఆమెని కూడా చెట్టు కింద కూర్చోబెట్టి ఉంటే ఆ 55.07 సెకన్లు ఎవరికీ తెలిసేవి కావు.

చట్టం ఏం చెబుతోంది?

ఇది ఎవరి దయాదాక్షిణ్యాల మీదో వదిలేసిన విషయం కాదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 సెక్షన్ 16 ప్రకారం ప్రభుత్వ నిధులతో నడిచే లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థలు ఈ పిల్లల్ని వివక్ష లేకుండా చేర్చుకోవాలి. చదువుతో పాటు ఆటల్లోనూ మిగతా వాళ్లతో సమానంగా అవకాశం ఇవ్వాలి. గుర్తింపున్న ప్రైవేటు స్కూళ్లు కూడా ఇందులోకే వస్తాయి. సమగ్ర శిక్ష పథకంలో ఆట సామగ్రి కోసం ఏటా ప్రాథమిక పాఠశాలకి రూ.5,000, ప్రాథమికోన్నతకి రూ.10,000, ఉన్నత పాఠశాలకి రూ.25,000 వరకు ఇచ్చే ఏర్పాటు ఉంది. గలగల బంతి కొనడానికి, నాలుగు రంగు జెండాలు కుట్టించడానికి అది సరిపోదా?

అసలు చిక్కు ఇంకోటుంది. చాలా స్కూళ్లలో గేమ్స్ పీరియడ్‌ని మ్యాథ్స్ సార్ అరువు తీసుకుంటారు. కొన్ని కార్పొరేట్ స్కూళ్లకి గ్రౌండే ఉండదు. అందరికీ ఆట లేని చోట, ఉన్న కాస్త టైమ్‌లో మొదట పక్కకి జరిగేది ఈ పిల్లలే.

మనం చేయగలిగింది

మీ ఇంట్లో, మీ బంధువుల్లో ఇలాంటి పిల్లలుంటే స్కూల్లో చేర్చేటప్పుడు ఒక ప్రశ్న అడగండి: "గేమ్స్ పీరియడ్‌లో మా పాప ఏం ఆడుతుంది?" 'ఆడుతుందా' అని కాదు, 'ఏం ఆడుతుంది' అని.

డాక్టర్ దగ్గరకి వెళ్తే ఆటల నుంచి మినహాయింపు లెటర్ అడగకండి. ఏవి ఆడొచ్చు, ఏవి వద్దు అని రాసివ్వమనండి. ఉదాహరణకి డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరు పిల్లలకి మెడ ఎముకల్లో పట్టు తక్కువగా ఉంటుంది, పల్టీలు కొట్టించే ముందు డాక్టర్‌కి చూపించాలి. అంతమాత్రాన బంతాట మానేయక్కర్లేదు.

మీరే పీఈటీ అయితే ఈ వారం ఒక్క ఆటలో ఒక్క రూల్ మార్చి చూడండి. ఏ రూల్ మార్చాలో తెలియకపోతే ఆ పిల్లాడినే అడగండి. వాడు చెట్టు కింద కూర్చుని మీ ఆటలన్నీ చూస్తూనే ఉన్నాడు, వాడి దగ్గర బోలెడు ఐడియాలుంటాయి.