బొమ్మల పుస్తకం నలుగురి చేతి పని



ఈ నెల మన గోడ పత్రికలో నేను బొమ్మల పుస్తకాల గురించి రాస్తున్నాను. "బొమ్మల పుస్తకాలు చిన్నపిల్లలకు గదా, తొమ్మిదో తరగతోనికి వాటితో ఏం పని?" అని మీరు అడగొచ్చు. పని ఉంది. కొత్తగా ఐదో తరగతిలో చేరే తమ్ముళ్ల కోసం మనమే ఒక పుస్తకం చెయ్యాలని నా కోరిక. అయితే అసలు అట్లాంటి పుస్తకాలు ఎట్ల తయారైతయో ముందు తెలవాలి గదా. అందుకే ఈ వ్యాసం.

జాలి వేరు, ఎదుటివాని కష్టం తెలవడం వేరు

తెలుగు సారు ఒకసారి రెండు మాటలు బోర్డు మీద రాసి చెప్పారు. సానుభూతి, సహానుభూతి. చూడటానికి రెండూ ఒక్కతీరే ఉంటాయి. ఇప్పుడు మనం వాడేటప్పుడు సానుభూతి అంటే "అయ్యో పాపం" అని జాలిపడటం. జాలిపడేవాడు గట్టు మీద నిలబడతాడు, కష్టం ఉన్నోడు కింద ఉంటాడు. సహానుభూతి అంటే వాని పక్కన నిలబడి, వానికి ఎట్ల ఉందో మనం తెలుసుకోవడం. తెలిసినాక ఊకోబుద్ధి కాదు, ఏదో ఒకటి చేస్తాం.

దీనికి ఒక మంచి ఉదాహరణ చెప్తాను. లదాఖ్ కొండల్లో చుస్కిట్ అనే పిల్ల కథ ఒకటి ఉంది. రాసింది సుజాత పద్మనాభన్, బొమ్మలు వేసింది మధువంతి అనంతరాజన్. చుస్కిట్‌కు కాళ్లు పనిచెయ్యవు, చక్రాల కుర్చీలో ఉంటుంది. బడికి పోయే బాట అంతా రాళ్లు, మధ్యల ఒక వాగు. కుర్చీ పోదు. అబ్దుల్ అనే పిల్లగాడు ఈ సంగతి హెడ్‌మాస్టర్‌కు చెప్తాడు. తర్వాత పిల్లలు, పంతుళ్లు కలిసి బాట సాపు చేస్తారు, వాగు మీద కర్రల వంతెన కడతారు. చుస్కిట్ బడికి పోతుంది.

ఈ కథలో "అయ్యో పాపం" అనుకుంటూ ఎవరూ కూర్చోలేదు. చుస్కిట్ కాళ్లు మారలేదు, బాట మారింది. సహానుభూతి గురించి పెద్ద ఉపన్యాసం ఇచ్చినా ఇంత బాగా అర్థం కాదు.

ఎవరెవరు కలిస్తే పుస్తకం అవుతుంది?

పుస్తకం అనగానే మనం రచయిత పేరే చూస్తాం. బొమ్మల పుస్తకానికి కనీసం నలుగురు కావాలి. కథ రాసేవారు ఒకరు. బొమ్మలు వేసేవారు ఒకరు. ఏ పేజీలో ఏ బొమ్మ, ఎంత సైజు, అక్షరాలు ఎక్కడ, ఎంత లావు అని కుదిర్చే డిజైనర్ ఒకరు. తప్పులు దిద్ది, "ఈ మాట పిల్లలకు తెలుస్తుందా?" అని అడిగే సంపాదకులు ఒకరు. వేరే భాషలోకి పోవాలంటే అనువాదం చేసేవారు ఐదోవారు.

డిజైనర్ పని బయటికి కనపడదు, కానీ చాలా ఉంటుంది. నాకు అర్థమైన మూడు సంగతులు రాస్తున్నాను.

ఒకటి, చూపు ఎత్తు. చుస్కిట్ లాంటి పిల్లను పైనుంచి చూసినట్టు గీస్తే చిన్నగా, దీనంగా కనపడుతుంది. ఆమె కళ్ల ఎత్తుకు దిగి గీస్తే మన ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టు ఉంటుంది. కథలో ఒక్క మాట మారకున్నా, బొమ్మను బట్టి జాలి కలుగుతుంది, లేకపోతే స్నేహం కలుగుతుంది.

రెండు, పేజీ తిప్పుడు. కుడివైపు పేజీ చివర ఒక ప్రశ్న పెడితే, దాని జవాబు కోసం పిల్లలు పేజీ తిప్పుతారు. తిప్పే ఆ ఒక్క క్షణం "తర్వాత ఏమైతదో" అని కథలోని పిల్లవాని తరఫున మనసు కొట్టుకుంటుంది.

మూడు, పేజీల లెక్క. ప్రెస్సులో పెద్ద కాగితాన్ని మూడుసార్లు మడిస్తే 8 ఆకులు, అంటే 16 పేజీలు వస్తాయి. అందుకే బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 16, 24, 32 పేజీల్లో ఉంటాయి. కథ పొడుగైతే కాగితం పెరగదు, కథనే కుదించాలి. డిజైనరూ రచయితా కలిసి కూర్చునేది ఇక్కడే.

మన హైదరాబాదులోనే ఇట్లాంటి పెద్ద ప్రయత్నం జరిగింది. అన్వేషి అనే స్త్రీల అధ్యయన సంస్థ వాళ్లు పిల్లల పుస్తకాలను చూసి ఒక ప్రశ్న వేసుకున్నారు. ఈ కథల్లో దళితుల ఇల్లు, ముస్లింల ఇల్లు, కూలి చేసే అమ్మ ఎందుకు కనపడరు? రచయితలను, చిత్రకారులను ఒకచోట కలిపి "డిఫరెంట్ టేల్స్" అనే పుస్తకాల వరుస తయారు చేశారు. 2008లో అవి తెలుగు, మలయాళం, ఇంగ్లీషు భాషల్లో వచ్చాయి. గోగు శ్యామల కథలు కూడా ఆ వరుసలో ఉన్నాయి. అందులోనే మహమ్మద్ ఖదీర్‌బాబు రాసిన తలకాయ కూర కథ ఒకటి. దానికి బొమ్మలు వేసింది పెద్ద పేరున్న చిత్రకారుడు గులాం మహమ్మద్ షేక్. గోదావరిఖనిలో ఆదివారం వస్తే ఎన్ని ఇండ్లల్లో తలకాయ కూర ఉడుకుతదో మనకు ఎరుకే. మన ఇంట్లో వండేది పుస్తకంలో కనపడితే పిల్లవాడు తల ఎత్తుకుంటాడు. ఆ కూర వండనోళ్ల పిల్లలు చదివితే, పక్కింటోళ్లు కూడా మనలెక్కనే అని తెలుస్తుంది. ఒక్క పుస్తకంతో రెండు పనులు.

పంచుకుంటేనే పుస్తకం చేరుతుంది

మంచి పుస్తకం తయారైనా, ధర ఎక్కువుంటే మన దాకా రాదు. ఒక్క భాషలోనే ఉంటే మిగతావారికి అక్కరకు రాదు. బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ దీనికి ఒక ఉపాయం చేసింది. 2015లో స్టోరీవీవర్ అని ఇంటర్నెట్‌లో ఒక కథల భాండాగారం పెట్టింది. అందులోని కథలకు క్రియేటివ్ కామన్స్ అనే అనుమతి పత్రం ఉంటుంది. అంటే ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు, తమ భాషలోకి మార్చుకోవచ్చు, ఆ బొమ్మలతో కొత్త కథ కూడా అల్లుకోవచ్చు. రాసినవారి పేరు, బొమ్మలు వేసినవారి పేరు తప్పక రాయాలి. చుస్కిట్ కథ కూడా అందులో ఉంది.

ఇదే సంస్థ ఒడిశాలో ముండా, కుయి, సవర, జువాంగ్ భాషల్లో ఆ తెగలవారితో కథలు రాయించి పుస్తకాలు వేసింది. సవరలు మన పక్కన శ్రీకాకుళం వైపు కూడా ఉన్నారు. 2018లో సీజీనెట్ స్వర అనే సంస్థతో కలిసి గోండు మిత్రులను కూర్చోబెట్టి, పిల్లల కథలను గోండిలోకి మార్పించింది. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాల ఊరిలో దొరికిన గోండి లిపికి అదే 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అంటే ఆ అక్షరాలు కంప్యూటర్‌లోకి కూడా ఎక్కినట్టే.

తెలుగులో సికింద్రాబాదులోని మంచి పుస్తకం సంస్థ తక్కువ ధరకు పిల్లల పుస్తకాలు ఇస్తుంది. అమెరికాలోని తెలుగువాళ్ల సంఘం తానాతో కలిసి పోటీలు పెట్టి, పిల్లల పుస్తకాలు అచ్చు వేసింది. కథ ఒక ఊరిలో, బొమ్మ ఇంకో ఊరిలో, సాయం సముద్రం అవతల. అయినా పుస్తకం ఒక్కటే.

మన హాస్టల్‌కు ఇది ఎందుకు?

మన హాస్టల్ ఒక సంత లెక్క. ఆసిఫాబాద్ గుట్టల నుంచి గోండులు, కొలాములు వచ్చారు. మహాదేవపూర్ అడవి నుంచి కోయలు, నాయకపోళ్లు వచ్చారు. తండాల నుంచి లంబాడీలు వచ్చారు. సింగరేణి బాయిల మీద కాంట్రాక్టు పనిచేసే వాళ్ల పిల్లలు కూడా ఉన్నారు. మైనింగ్ ఏరియా పిల్లలకు షిఫ్టు సైరన్ గడియారం లెక్క. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ అయితే కిటికీలు ఊగినా తినే చెయ్యి ఆగదు. గుట్ట మీద ఊరి నుంచి వచ్చిన పిల్లవానికి అది పిడుగు.

పోయిన ఏడాది ఐదో తరగతిలో ఒక తమ్ముడు చేరిండు. వానికి గోండి తప్ప రాదు. మొదటి బ్లాస్టింగ్‌కు మంచం కింద దూరిండు. కొందరు నవ్విండ్రు. దప్పికై "ఏర్, ఏర్" అని అడిగిండు. గోండిలో ఏర్ అంటే నీళ్లు. అడిగినోళ్లకు ఏరు అని వినపడ్డది, గోదావరి దిక్కు చెయ్యి చూపించిండ్రు. దసరా సెలవులకు పోయిన ఆ తమ్ముడు మళ్లీ రాలేదు. వాని చదువు ఐదో తరగతిలో, నాలుగు నెలలకే ఆగిపోయింది. మాట తెలిసిన ఒక్క అన్న పక్కనుంటే, చేతిలో ఒక్క పుస్తకం ఉంటే నిలబడేవాడేమో అని నాకు అనిపిస్తుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో గోండి, కొలామి, కోయ, బంజారా మొదలైన 8 గిరిజన భాషల్లో చిన్న తరగతులకు వాచకాలు తయారు చేశారు. తల్లిభాష నుంచి మెల్లగా తెలుగులోకి తేవాలని వాళ్ల ఆలోచన. మనం అంత పెద్ద పని చెయ్యలేం, ఒక చిన్న పుస్తకం మాత్రం చెయ్యగలం.

మన పుస్తకం ఎట్ల చెయ్యాలి?

నాలుగు తెల్ల కాగితాలను ఒకదాంట్లో ఒకటి పెట్టి సగానికి మడిచి, మడత మీద దారంతో కుట్టాలి. 16 పేజీలు వస్తాయి. మొదటిది, చివరిది అట్ట. 2వ పేజీలో పనిచేసిన అందరి పేర్లు. 3 నుంచి 14 దాకా కథ. 15వ పేజీలో నీళ్లు, అన్నం, భయం, కడుపునొప్పి, అమ్మ యాదికొస్తుంది లాంటి మాటలు గోండి, కోయ, కొలామి, లంబాడీ, తెలుగులో రాయాలి.

కథ గుట్ట మీద నుంచి వచ్చిన పిల్లవానిది. 7వ పేజీలో వాడు పళ్లెం ముందు కూర్చుంటాడు, పళ్లెం సన్నగా వణుకుతుంది. పేజీ తిప్పితే 8, 9 పేజీల నిండా "ధడేల్!" ఆ రెండు పేజీలు నట్టనడిమి కాగితం, అతుకు ఉండదు కాబట్టి పెద్ద బొమ్మ చీలకుండా వస్తుంది. ఆ తర్వాత ఒక అన్న వచ్చి వాని మంచం పక్కన నేల మీద కూర్చుంటాడు. ఆ బొమ్మను పిల్లవాని కళ్ల ఎత్తులోనే గీయాలి. 12వ పేజీలో ఆ పిల్లవాడే అన్నకు గోండి మాటలు నేర్పుతాడు. ఇది తప్పక ఉండాలి. సాయం ఒక్క దిక్కు నుంచే వస్తే అది మళ్లీ జాలి కిందికే పోతుంది.

కథ తెలుగులో నేను రాస్తాను. బొమ్మలకు ఎనిమిదో తరగతి నుంచి ఇద్దరు కావాలి. అందమైన దస్తూరి ఉన్నవారు ఒకరు కావాలి. ఒక్కో భాషకు ఒక్కొక్కరు కావాలి. రాసినాక ముందుగా ఐదో తరగతి తమ్ముళ్లకు చదివి వినిపించాలి. వాళ్లకు అర్థం కాని మాటను మనకు ఎంత ఇష్టమైనా కొట్టెయ్యాలి.

వార్డెన్ సార్లకు ఒక మనవి. డ్రాయింగ్ కాగితాలు, స్కెచ్ పెన్నులు, ఒక్క ఆదివారం మధ్యాహ్నం స్టడీ అవర్ మాకు ఇప్పించండి. తయారైన పుస్తకాన్ని నాలుగు జిరాక్సులు తీసి డార్మిటరీకి ఒకటి చొప్పున పెట్టండి. పక్క హాస్టళ్లవాళ్లు అడిగితే ఉచితంగా ఇద్దాం, తమ మాటలు చేర్చుకొమ్మని చెప్దాం.

పేర్లు ఇవ్వదలచినవారు ఈ కాగితం కింద ఖాళీ జాగాలో రాయండి. జూన్‌లో కొత్త పిల్లలు వచ్చేసరికి పుస్తకం వాళ్ల చేతిలో ఉండాలి.

— తొమ్మిదో తరగతి విద్యార్థి