చిన్న పడవయా, పెద్ద పడవయా?

గాలము వేయుట కొందఱికి జీవిక, కొందఱికి వినోదము. జీవికకై సముద్రముపైకి పోవు జాలరికి పడవను ఎన్నుకొను స్వేచ్ఛ తక్కువ. తండ్రి విడిచిపోయినదో, అప్పు పుట్టినంతలో కొన్నదో, అదియే వాని పడవ. వినోదమునకై వేటాడువానికి మాత్రము ఒక ప్రశ్న తప్పదు: ఒంటరిగా నడుపుకొనదగిన చిన్న పడవ మేలా, ఇంజనులును గదియు గల పెద్ద పడవ మేలా? సొమ్మున్నవాడు పెద్దదానినే కొనుననుకొనుట సహజము. ఈ క్రీడ చరిత్రను చూచినచో సమాధానము అంత సులభముగా దొరకదు.

కాలిఫోర్నియా తీరమునకు ఎదురుగా శాంటా కాటలీనా అను దీవి కలదు. 1898లో చార్లెస్ ఫ్రెడరిక్ హోల్డర్ అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు అచట చిన్న పడవలో కూర్చుండి, గాలపు కఱ్ఱతో 183 పౌనుల ట్యూనా చేపను పట్టెను. మన తీరమున తూర యని పిలుచు చేపలకు ఇది చుట్టము. దాదాపు నాలుగు గంటల సేపు ఆ చేప పడవను ఈడ్చుకొనిపోయినది. ఆ యేడే హోల్డర్ ఆ దీవిలోని అవలాను పట్టణమున ట్యూనా క్లబ్బును స్థాపించెను.

చిన్న పడవ గొప్పతనము ఈ యీడ్పులోనే యున్నది. చేప లాగిన వైపునకు పడవ సాగును. అందుచే దారముపై బిగువు ఒక్కసారిగా పెరుగదు. పడవ బరువును లాగి లాగి చేపయే అలసిపోవును. బరువైన పడవ అట్లు సాగదు. దానిని చుక్కాని పట్టినవాడు చేప వెంట త్రిప్పవలెను, ఒక్కొక్కమాఱు వెనుకకు నడుపవలెను. పెద్ద పడవలో చేపను గెలిచినవాని యశస్సులో సగము ఈ చుక్కానివానిదే. ఛాయాచిత్రములలో మాత్రము ఆతడు అరుదుగా కానవచ్చును.

అయినను గాలివాన కమ్మినపుడు తీరము చేరుకొనగల వేగము చిన్న పడవకు లేదు. ఇంధనము కొంచెమే పట్టును. ఎండకు నీడ లేదు, తోడు వచ్చువారికి చోటు లేదు. జేన్ గ్రే అను అమెరికా నవలారచయిత ఈ చిక్కును ధనముతో విడదీయజూచెను. 1924లో నోవా స్కోషియాలో మూడు తెరచాప కంబముల ఓడ నొకదానిని కొని, దానికి 'ఫిషర్‌మన్' అని పేరిడి, 1925లో గలపాగోస్ దీవుల వఱకు వేటకు వెడలెను. అంత ఓడలో పోయియు, చేప కనబడినపుడు చిన్న లాంచీలను నీటిలోనికి దింపి వానినుండియే గాలము వేయవలసివచ్చెను!

ఎర్నెస్ట్ హెమింగ్వే నడుమదారి త్రొక్కెను. 1934లో బ్రూక్లిన్‌లోని వీలర్ పడవల కర్మాగారమున 38 అడుగుల పడవను 7,495 డాలరులకు కొనెను. ఒక పత్రికకు వ్రాయబోవు రచనలకై ముందుగా తీసికొన్న సొమ్ము కూడ ఇందులో కలిసినది. ఆ పడవయే 'పిలార్'. దానికి రెండు ఇంజనులు: 75 అశ్వశక్తిది ప్రయాణమునకు, 40 అశ్వశక్తిది గాలములను మెల్లగా ఈడ్చుచు తిరుగుటకు. 300 గాలనుల ఇంధనము పట్టు తొట్లుండుటచే కీవెస్టునుండి క్యూబాకును బిమినీకిని నిశ్చింతగా పోవచ్చును. మొదట కార్లోస్ గుటియెరెజ్, పిదప గ్రెగోరియో ఫ్యుయెంతెస్ అనువారు దానికి తోడు నావికులు. ఇట్టి పడవ కొన్నవాడు ఒక మనిషికి జీతము కూడ ఇచ్చుకొనవలెనని తెలియవలెను.

హెమింగ్వే కొనునపుడు చెప్పి చేయించిన మార్పు ఒకటి గమనింపదగినది. పెద్ద పడవ అంచు నీటికి చాల ఎత్తుగా నుండును; అలసిన చేపను చేరదీసి పైకి తీయు క్షణమున ఆ యెత్తే శత్రువు. కావున ఆతడు పడవ వెనుక గోడను, మన జాలరులు అమరమను చోట, ఒక అడుగు తగ్గింపించి, దానిపై అడ్డముగా కొయ్య రోలరును అమర్పించెను. చేప దానిపై దొరలుచు లోనికి వచ్చును. అనగా, అతిముఖ్యమైన చోట పెద్ద పడవను చిన్న పడవవలె చేయించుకొన్నాడు.

ఈ త్వర యెందులకు? సొరలకై. 1935లో బిమినీ వద్ద హెన్రీ స్ట్రేటర్ అను చిత్రకారుడు ఈ పిలార్ పైనుండియే గొప్ప మార్లిను నొకదానిని పోరాడి దగ్గఱకు తెచ్చెను. మార్లిను అనగా విశాఖ తీరమున కొమ్ముకోనెమను చేప. ఇంతలో సొరలు వచ్చి వెనుక భాగమును తినివేసినవి; మిగిలినదే 500 పౌనులు తూగినది. హెమింగ్వే సొరలపై తుపాకి ప్రేల్చుటచే నెత్తురు వ్యాపించి మఱిన్ని సొరలు చేరినవని స్ట్రేటరు తరువాత నిందించెను. రెండు ఇంజనులుండియు, రోలరుండియు, ఆ దినమున లాభము లేకపోయినది.

మఱుసటి సంవత్సరము, 1936లో, హెమింగ్వే ఒక పత్రికా వ్యాసమున క్యూబా ముసలి జాలరి నొకనిని గూర్చి వ్రాసెను. ఒంటరిగా చిన్న పడవలో పోయిన ఆ వృద్ధుని మార్లిను చేప దూరముగా లాగికొనిపోయినది. దానిని చంపి పడవ ప్రక్కకు కట్టగా సొరలు తినివేసినవి. రెండు దినముల పిదప ఇతర జాలరులు చూచునప్పటికి ఆతడు ఏడ్చుచుండెను. ఈ కొన్ని పంక్తులే 1952లో 'వృద్ధుడు - సముద్రము' అను చిన్న నవల యైనవి.

అప్పటికి పిలార్‌పై పదునెనిమిదేండ్లు తిరిగిన రచయిత శాంటియాగోకు పెద్ద పడవ నీయలేదు. ఆ కథలో చేప పొడవు 18 అడుగులు. పడవకంటె చేపయే రెండడుగులు పెద్దది. లోనికి తీయుటకు వీలు లేదు. శాంటియాగో దానిని పడవ ప్రక్కకు కట్టి తెరచాప యెత్తెను. మొదటి సొర వచ్చుటకు ఒక గంట పట్టినది.