మంత్రిని ఇచ్చేసి గెలవడం ఎలా?

చివ్వెంలలో ఆడినా పారిస్‌లో ఆడినా చదరంగం లెక్క ఒక్కటే: బంటుకు 1, గుర్రానికీ బిషప్‌కూ 3, ఏనుగుకు 5, మంత్రికి 9. మరి 1858లో పారిస్‌లో అమెరికా ఆటగాడు పాల్ మార్ఫీ తన మంత్రిని కావాలనే ఎందుకు ఇచ్చేశాడు? ఎదుటి రాజు క్యాస్లింగ్‌తో ఓ పక్కకు చేరుకోక నడిమధ్యలో చిక్కుకున్నాడు. పక్కనున్న బిషప్, మూలనున్న ఏనుగు తమ గడులే వదల్లేదు. అంత బలగం ఉండీ ఏం లాభం? ఎదుటి గుర్రం డి7 వదిలి మంత్రిని తినగానే దారి తెరుచుకుంది. మార్ఫీ ఏనుగు డి8లో దిగింది, దానికి తన బిషప్ కాపు. చెక్‌మేట్!

బోర్డు మీద చోటు విషయంలోనూ అంతే, లెక్క ఒక్కటే చాలదు. బంట్లను ముందుకు తోస్తే పావులు తిరగడానికి వీలొస్తుంది, ఎదుటివాళ్లకు ఊపిరాడదు. కానీ బంటు వెనక్కి రాదు. రాజు ముందువి తోశారో, ఆయనకు అడ్డం పోయినట్టే. మన వరంగల్ అర్జున్ ఎరిగైసి, 2024 డిసెంబరులో 2800 రేటింగ్ దాటినవాడు, దూకుడుకు పెట్టింది పేరు; ఆయన ఆటల్లో ముందుగా రాజు ఎక్కడున్నాడో చూడండి.