కోడికూత వేళ నా చదువు

కోడిపోరు నుంచి యుద్ధం దాకా వెళ్లిన గడ్డ మాది. నలగామరాజు ఏలిన గురజాలలో పుట్టి పెరిగిన నేను, కోడికూతకు నిద్ర లేవడం మాత్రం 44వ ఏట నేర్చుకున్నాను. అదీ సుఖంగా నేర్చుకోలేదు.

నేను వృత్తిరీత్యా ఉపాధ్యాయుణ్ణి. పదోన్నతికి అవసరమైన శాఖాపరమైన పరీక్షలకు చదవాలని మూడేళ్ల క్రితం సంకల్పించాను. పగలంతా బడి, సాయంత్రం పిల్లల చదువులు. ఇక నాకు మిగిలింది రాత్రి. తొమ్మిదిన్నరకు భోజనం, పదింటికి పుస్తకం, పన్నెండు దాటాక రెండవసారి టీ. పక్కనున్న రెంటచింతల ఎండల సంగతి పాఠకులకు తెలిసినదే. మా ఇళ్ల గోడలు కూడా వేసవిలో అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటాయి. చదివిన పుటనే మళ్లీ చదవవలసి వచ్చేది. రెండుసార్లు పరీక్ష తప్పాను. దానితోపాటు ఛాతీలో మంట, పుల్లని తేన్పులు, తెల్లవారితే తలనొప్పి.

మాకు పరిచితులైన ఒక ఆయుర్వేద వైద్యులు నాడి చూసి, మందు మాట ఎత్తకుండానే "రాత్రి భోజనం ఎన్నింటికి చేస్తున్నారు మాస్టారూ?" అని అడిగారు. చదువును వేకువకు మార్చుకొమ్మన్నారు. వాగ్భటుని అష్టాంగహృదయం సూత్రస్థానంలో రెండవ అధ్యాయం పేరే దినచర్య. ఆరోగ్యవంతుడు ఆయుష్షును కాపాడుకొనేందుకు బ్రాహ్మీ ముహూర్తంలో లేవాలన్న విధితో అది ఆరంభమవుతుంది. సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలు ఉండే కాలమది. మా ఊరిలో మే నెలాఖరున సుమారు నాలుగు గంటలకు, జనవరిలో ఐదు దాటాక వస్తుంది.

ఇంటికి రాగానే అలారం నాలుగుకు పెట్టాను. పడక మాత్రం యథాప్రకారం పదకొండున్నరకే. పది రోజులు నన్ను నేను మెచ్చుకున్నాను. పదకొండవ రోజు బడికి వెళ్తుండగా స్కూటరు మీద కునుకు పట్టి, దారి దిగి పొదల్లో పడ్డాను. మోచేయి గీరుకుపోవడంతో సరిపోయింది.

వైద్యులు గట్టిగా మందలించారు. "ఆరోగ్యవంతుడు లేవాలన్నారు. ఆ మొదటి మాటను మీరు వదిలేశారు. లేచేటప్పుడు రాత్రి తిన్నది అరిగిందో లేదో చూసుకోమని అష్టాంగసంగ్రహం చెప్పింది. పొద్దుపోయి తిని, నాలుగు గంటలు నిద్రపోయి లేస్తే అది దినచర్య కాదు."

అప్పుడు సాయంత్రం నుంచి సరిచేయడం మొదలుపెట్టాను. భోజనాన్ని వారానికి అరగంట చొప్పున ముందుకు జరిపి ఏడున్నరకు తెచ్చాను. రాత్రి పెరుగు వద్దని వాగ్భటుడే అన్నాడు. పెరుగన్నంతో తప్ప భోజనం ముగియని మనకు ఇది కష్టమే. పలుచని మజ్జిగతో సరిపెట్టుకున్నాను. సాయంత్రం ఐదు తర్వాత టీ లేదు. అరికాళ్లకు నువ్వుల నూనె రాసుకొని తొమ్మిదింటికి పడుకోవడం అలవాటైంది. రెండు నెలలకు, అలారం మోగక ముందే మెలకువ రాసాగింది. ఛాతీమంట చాలావరకు తగ్గింది. (మధుమేహానికి మాత్రలు వాడేవారు భోజనవేళ మార్చేముందు తమ వైద్యులను అడగాలి.)

దేహంలో గడియారం ఉందన్నది నేడు వైద్యలోకం అంగీకరించిన విషయం. ఆ గడియారం కణాలలో నడిచే తీరును చిన్న ఈగలపై పరిశోధించి కనుగొన్నందుకు హాల్, రోస్‌బాష్, యంగ్ అనే ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ బహుమతి లభించింది. అయితే అందరి గడియారమూ ఒకటి కాదు. ఒక వారం పాటు, ఏ గంటలో చదివినది ఒక్కసారికే పట్టుబడుతున్నదో కాగితంపై గుర్తు పెట్టుకున్నాను. నాకు నాలుగున్నర నుంచి ఆరున్నర వరకని తేలింది. సిమెంటు కర్మాగారంలో రాత్రి షిఫ్టు చేసే మా బావమరిదికి ఈ లెక్క కుదరదు. రాత్రి మేల్కొన్నవారు ఉదయం భోజనానికి ముందు, మేల్కొన్న కాలంలో సగం నిద్రించాలన్నది వాగ్భటుని మాటే. అతడు అలాగే చేస్తున్నాడు.

నా క్రమశిక్షణలోని అసలు లోపం ఆలస్యంగా తెలిసింది. నేను నాలుగుకు లేస్తే, కాఫీ కోసం మా ఇంటావిడ కూడా నాలుగుకే లేస్తున్నది. ఆమె పడక మాత్రం అంట్లన్నీ ముగిశాక, పదిన్నరకు. ఒకనాడు ఆమె కళ్లు చూసి సిగ్గుపడ్డాను. ఇప్పుడు చెంబుడు గోరువెచ్చని నీటితో నా పని మొదలవుతుంది. కాఫీ ఆరున్నరకే. రాత్రి అంట్లు పిల్లలూ నేనూ పంచుకున్నాం.

ఆమెకు పని సాగే వేళ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు. ఇల్లు సద్దుమణిగి, కుట్టుమిషను ముందు కూర్చొనే సమయం. సెలవు రోజుల్లో సరిగ్గా అప్పుడే నేను టీ అడిగేవాణ్ణి.

నిరుడు ఒక పరీక్ష గట్టెక్కింది, ఇంకొకటి మిగిలి ఉంది. ఆదివారం మధ్యాహ్నపు టీ నేనే కాచుకుంటున్నాను. చక్కెర డబ్బా ఎక్కడుంటుందో తెలియడానికి మాత్రం నెల పట్టింది.